బట్టమేకను చూడబోయి

పిల్లలూ! బట్టమేక అంటే ఏమిటో మీకు తెలుసునా? పేరు విని, అది ఏదో మేక జాతి అనుకోకండి. బట్టమేక ఒక పక్షి. అది నిలబడితే సుమారు ఒక మీటరు ఎత్తుంటుంది. బాగా ఎదిగిన మగపక్షి 15 కిలోల దాకా తూగుతుంది. ప్రపంచంలో ఎగరగలిగిన పక్షులన్నిటిలోకీ బరువైన వాటిలో అదొకటి. నెమలిని మన జాతీయ పక్షిగా 1963లో ఎంచుకున్నారని మీరు చదువుకునే ఉంటారు. ఆ గౌరవం బట్టమేకకు దక్కాలని పేరుపొందిన పక్షి శాస్త్రజ్ఞుడు సాలిం అలీ కోరారు.

నేను ఆ పక్షిని ఒకే ఒక్కసారి చూశాను. అది 1987 మాట. అప్పుడు నేను కొత్తగా పంతులు ఉద్యోగంలో చేరాను. వానాకాలం చివర ఒక ఆదివారంనాడు ఒక స్నేహితుడు నన్ను సైకిలు మీద రోళ్ళపాడు బీళ్ళకు తీసుకుపోయాడు. మోకాలెత్తు గడ్డిలో, దూరంగా ఒక మగపక్షి నిలబడి ఉన్నది. నెత్తిన నల్లని టోపీ పెట్టినట్టున్నది, మెడ తెల్లగా ఉన్నది. చూస్తూ ఉండగానే అది మెడకింది తిత్తిని గాలితో ఉబ్బించి, నేలకు వేలాడవేసి, తోక వీపుమీదికి మడిచి, ఎవరో పెద్ద కుండ అంచున నోరుపెట్టి ఊదినట్టుగా "హూం" అని ధ్వని చేసింది. ఆ ధ్వని గాలిలో చాలా దూరం పోయింది.

మర్నాడు నేను బడిలో ఈ సంగతి చెప్పాను. పిల్లలు నోళ్ళు తెరుచుకుని విన్నారు.

ఒక కుర్రవాడు లేచి, "సార్, మేకలాగా అరుస్తుందా?" అని అడిగాడు.

అందరూ నవ్వారు. "ఎట్లా అరుస్తుందో మీరే విందురుగాని. మిమ్మల్నందరినీ తీసుకుపోయి చూపిస్తాను," అని నేను మాట ఇచ్చాను.

"ఎప్పుడు సార్?" అన్నారు పిల్లలు.

"రేపో ఎల్లుండో!" అన్నాను.

ఆ వారం పరీక్షలు వచ్చాయి. తరవాత పండుగ సెలవులు వచ్చాయి. ఆ తరవాత నాకు మరో ఊరికి బదిలీ అయింది. ఆనాటి పిల్లలకు ఇవాళ మీ వయసు పిల్లలున్నారు. నేను ప్రధానోపాధ్యాయుడినై, పదవీ విరమణ కూడా చేశాను. ఆ "రేపు" మాత్రం రాలేదు. ఆ మాట అప్పుడప్పుడూ నాకు ముల్లులా గుచ్చుకునేది. అందుచేత ఈమధ్య జనవరిలో ఒకనాడు, కనీసం నేనైనా మళ్ళీ వెళ్ళి చూసి, వివరంగా రాసుకుని వచ్చి, ఇప్పటి పిల్లలకు చెబుదామని బయలుదేరాను.

మా ఊరు ఆళ్ళగడ్డ. తెల్లవారక ముందే లేచి, వీపుకు తగిలించుకునే సంచిలో రెండు జొన్నరొట్టెలు, శనక్కాయల పొడి, నీళ్ళ సీసా, ఒక నోటుపుస్తకం, చేతి దుర్భిణి పెట్టుకుని మొదటి బస్సు ఎక్కాను. మా వీధిలో అప్పటికే శిల్పుల ఉలుల చప్పుడు మొదలయింది. ఆళ్ళగడ్డ శిల్పులు చెక్కిన దేవతా విగ్రహాలు దూరదేశాలకు కూడా పోతాయి.

ఆళ్ళగడ్డ నుంచి నంద్యాలకు సుమారు 40 కిలోమీటర్లు. ఈ దారిలో బస్సులో కూర్చుని తూర్పుకు చూస్తే నల్లమల కొండలు గోడలాగా మన వెంటే వస్తాయి. పడమటి దిక్కున, దూరంగా ఎర్రమల కొండలు. ఈ రెండు కొండల వరసల నడుమ కుందూ నది పారుతుంది. నంద్యాల ఈ లోయలోనే ఉన్నది. చుట్టూ తొమ్మిది నంది క్షేత్రాలున్న ఈ పట్టణం 2022 ఏప్రిల్ 4 నుంచి జిల్లా కేంద్రమయింది.

అడవి జంతువులను చూడాలంటే నల్లమలకే పోవాలని చాలామంది అనుకుంటారు. నల్లమలలో పెద్దపులులున్న మాట నిజమే. 2023 మార్చిలో ఇదే జిల్లాలోని పెద్దగుమ్మడాపురం దగ్గర నాలుగు పులిపిల్లలు ఊరివాళ్ళకు దొరికాయి కూడా. కాని నేను పోతున్నది కొండలకూ కాదు, చెట్లున్న అడవికీ కాదు. ఉత్తి గడ్డినేలకు.

నంద్యాలలో బస్సు మారి, రోళ్ళపాడు దారి దగ్గర దిగి, నడిచి చేరుకునేసరికి పొద్దు బాగా ఎక్కింది. రోళ్ళపాడు అభయారణ్యాన్ని 1988లో ఏర్పాటు చేశారు. దాని విస్తీర్ణం 614 హెక్టార్లు, అంటే సుమారు 1,500 ఎకరాలు. "అరణ్యం" అన్న పేరేగాని అందులో చెట్లు తక్కువ. కనుచూపుమేర పచ్చగడ్డి ఎండి, గోధుమ రంగుకు తిరిగి, గాలికి అలలు అలలుగా కదులుతున్నది. అనుమతి తీసుకుని, అటవీ శాఖ వాచరు వెంట నడిచాను. ఆయనకు నా కొడుకు వయసుంటుంది.

కొంచెం దూరం పోగానే ఆయన చెయ్యి పట్టి నన్ను ఆపాడు. ఎదుట కృష్ణజింకల మంద! ఆడజింకలు లేత గోధుమ రంగులో, కొమ్ములు లేకుండా ఉన్నాయి. వాటి నడుమ ఒక మగజింక ఉన్నది. దాని వీపు నల్లన, కడుపు తెల్లన. కొమ్ములు మరమేకు లాగా మెలికలు తిరిగి ఉన్నాయి. మా అలికిడికి ఒక ఆడజింక నిటారుగా పైకి ఎగిరింది. దాన్ని చూసి మరొకటి, దాన్ని చూసి ఇంకొకటి. క్షణంలో మంద అంతా గంతులు వేస్తూ దూరమయింది. కృష్ణజింక మన ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర జంతువు. ఇంత వేగంగా పరుగెత్తే జంతువులు మన దేశంలో బహు కొద్ది.

నేను సంతోషంగా జింకల సంగతి రాసుకుని, "ఇక బట్టమేకను చూపించు నాయనా," అన్నాను.

వాచరు నవ్వలేదు. "దాన్ని చూసి శానా ఏండ్లయింది సార్. మీ మాదిరే వచ్చి అడిగినోళ్ళు ఉండారు. యాడ చూపిద్దును?" అన్నాడు.

నేను ఊరుకోలేదు. మధ్యాహ్నం దాకా దుర్భిణి పెట్టి గడ్డి అంతా వెతికాను. తీతువు పిట్టలు కనబడ్డాయి. కౌజు పిట్టలు కాళ్ళ దగ్గరి నుంచి బుర్రుమని లేచిపోయాయి. ముళ్ళకంప మీద ఒక పాలపిట్ట కూర్చుని ఉన్నది. బట్టమేక మాత్రం లేదు.

ఇక్కడి పక్షులు ఏమైనాయి? ఈ ప్రశ్నకు జవాబు తెలియాలంటే బట్టమేక బతికే తీరు తెలియాలి. దాని కాళ్ళకు వెనక వేలు లేదు. అందుచేత అది కొమ్మను పట్టుకుని కూర్చోలేదు. చెట్టెక్కలేని పక్షికి నేలే ఇల్లు. సాధారణంగా ఏడాదికి ఒకే ఒక్క గుడ్డు పెడుతుంది. దానికి గూడు కూడా కట్టదు, వట్టి నేలమీదనే పెడుతుంది. తల్లి దాదాపు 27 రోజులు పొదగాలి. ఈలోపల ఒక కుక్క వచ్చినా, ఒక గొర్రెల మంద తొక్కినా ఆ ఏడాదికి ఇక పిల్ల లేదు. మిడతలు, పురుగులు, బల్లులు, రేగుపండ్లు, గింజలు దాని ఆహారం. ఇవన్నీ దొరకాలంటే విశాలమైన బీళ్ళు కావాలి. కాని మనం బీడును చూస్తే "ఊరికే పడి ఉన్నది" అంటాం. దున్నుతాం, లేదా చెట్లు నాటుతాం. కాలువ నీళ్ళు వస్తే పైర్లు వేస్తాం. పైరు మంచిదే, చెట్టు మంచిదే. అయితే బట్టమేకకు మాత్రం రెండూ ఇల్లు కావు. దీనికి తోడు కరెంటు తీగలొకటి. బట్టమేక కళ్ళు తలకు పక్కలకు ఉంటాయి. ఎగిరేటప్పుడు దానికి ఎదురుగా ఉన్న తీగ సరిగా కనబడదు. కనబడినా, అంత బరువైన ఒళ్ళు చప్పున పక్కకు తిరగదు.

ఇవాళ ప్రపంచం మొత్తంలో స్వేచ్ఛగా తిరిగే బట్టమేకలు సుమారు 150 మాత్రమే మిగిలాయని అంచనా. వాటిలో ఎక్కువ భాగం రాజస్థాన్‌లోని జైసల్మేరు ఎడారి ప్రాంతంలో ఉన్నాయి. అక్కడ 2019 నుంచి శాస్త్రజ్ఞులు గుడ్లను జాగ్రత్తగా తెచ్చి, యంత్రాలలో పొదిగించి, పిల్లలను పెంచుతున్నారు.

నేను నిరుత్సాహంతో సంచి సర్దుకుంటూ ఉంటే వాచరు, "పొద్దు గుంకేదాకా ఉండండి సార్, పిల్లిగద్దలను చూద్దురుగాని," అన్నాడు.

నాలుగైదు గంటలకు చివరి బస్సు పోతుందని నాకు తెలుసు. అయినా వట్టి చేతులతో పోవటానికి మనసొప్పలేదు. ఉండిపోయాను.

పొద్దు వాలింది. మొదట ఒక్క పక్షి వచ్చింది. రెక్కలు కొంచెం పైకెత్తి పెట్టి, గడ్డిని తాకేటంత కిందుగా, చప్పుడు చెయ్యకుండా తేలుతూ వచ్చింది. తరవాత నాలుగు, తరవాత పది. మగవి బూడిద రంగు, రెక్కల కొసలు నలుపు. ఆడవి గోధుమ రంగు, తోక మొదట తెల్లని మచ్చ. నేను లెక్కపెట్టటం మొదలుపెట్టి, 60 దాటాక లెక్క తప్పాను. అవి ఒక చుట్టు తిరిగి, ఒక్కొక్కటే గడ్డిలోకి దిగి మాయమయ్యాయి. ఈ పిల్లిగద్దలు చెట్లమీద నిద్రపోవు, గడ్డిలో నేలమీదనే పడుకుంటాయి. ఇవి మధ్య ఆసియా గడ్డిమైదానాల నుంచి వేల కిలోమీటర్లు ఎగిరి, చలికాలం గడపటానికి ఇక్కడికి వస్తాయి. పగలంతా మన రైతుల చేలమీద మిడతలను ఏరుకుని తింటాయి. ఎక్కడో పుట్టిన పక్షులకు మన గడ్డినేల విడిదిల్లు అన్నమాట.

ఆ చూపు తీరేసరికి చీకటి పడింది. బస్సు ఎప్పుడో పోయింది! ఇంటికి ఫోను చేసి ఆలస్యమవుతుందని చెప్పి, రోడ్డు మీదికి వచ్చి నిలబడ్డాను. అరవై దాటిన పెద్దమనిషి, వీపున సంచి, మెడలో దుర్భిణి. నన్ను చూస్తే నాకే నవ్వు వచ్చింది.

ముందుగా పాల క్యాన్లు కట్టుకున్న మోటారు సైకిలు వచ్చి ఆగింది. "యాడికి పోవాల సార్?" అన్నాడు కుర్రవాడు. అతనికి ఇరవై ఏళ్ళుండవచ్చు. నన్ను క్యాన్ల నడుమ ఇరికించి కూర్చోబెట్టుకుని, "ఏం చూసేకి వచ్చినారు?" అని అడిగాడు.

"బట్టమేకను," అన్నాను.

"బట్టమేకా? అది ఏ జాతి మేక సార్? పాలు బాగా ఇస్తాదా?" అన్నాడు.

అతను వేళాకోళం ఆడటం లేదు, నిజంగానే అడిగాడు. 1987లో మా బడిపిల్లలు అడిగిన ప్రశ్న లాంటిదే ఇది. వాళ్ళు పక్షి ఉండగా అడిగారు. ఇతను ఆ పక్షి కనబడిన నేలకు పక్కనే పుట్టి పెరిగి, దాని పేరైనా వినలేదు. నాకు గొంతులో ఏదో అడ్డం పడినట్టయింది.

అతను తన ఊరి దగ్గర దింపాడు. అక్కడ జొన్నచొప్ప వేసుకున్న ట్రాక్టరు దొరికింది. దాన్ని నడుపుతున్న రైతుకు యాభై ఏళ్ళుంటాయి. నేను జింకల అందాన్ని వర్ణించటం మొదలుపెట్టాను. ఆయన కాసేపు విని, "జింకలు మీకు బాగుంటాయి సారూ. నాకు నాలుగెకరాల పప్పుశనగ. రాత్రి కావలి పోకుంటే తెల్లారేసరికి మొక్క ఉండదు. దాన్ని కొడితే జైలు, కొట్టకుంటే అప్పు. మీరు పుస్తకంలో రాసుకుంటా ఉండారు గదా, ఇది గూడా రాయండి," అన్నాడు.

నేను ట్రాక్టరు కుదుపులోనే వంకరటింకర అక్షరాలతో ఆ మాట రాసుకున్నాను. కృష్ణజింకను, బట్టమేకను చంపకూడదని 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం చెబుతుంది. ఆ చట్టం మంచిది. కాని జంతువును కాపాడినందువల్ల కలిగే నష్టం ఒక్క రైతు నెత్తినే పడితే అది న్యాయమేనా? పెరిగి పెద్దయ్యాక ఈ లెక్క మీరు చెయ్యాలి పిల్లలూ. నేను నా బడిలో ఇటువంటి లెక్క ఎన్నడూ ఇవ్వలేదు.

మూడవది వడ్ల బస్తాల లారీ. నంద్యాల మిల్లుకు పోతున్నది. డ్రైవరు నా ఈడువాడు. తన పక్కన కూర్చోబెట్టుకున్నాడు. ఈసారి నేనే భయపడుతూ, "అన్నా, బట్టమేక అనే పిట్టను ఎప్పుడన్నా చూసినావా?" అని అడిగాను.

ఆయన వెంటనే ఏమీ అనలేదు. కొంత దూరం పోయాక అన్నాడు: "మా నాయన గొర్రెలు కాసేవాడు. చిన్నప్పుడు నేను ఎంటపోయేవాణ్ణి. గుడ్డు కనపడితే మా నాయన మందను చుట్టు తిప్పి తోలుకుపోయేవాడు, తొక్కనిచ్చేవాడు కాదు. అది కూస్తే ఇట్లుంటాది," అని, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, "హూం" అన్నాడు.

పిల్లలూ, అదే ధ్వని! కళ్ళు మూసుకుంటే మళ్ళీ 1987లో ఉన్నట్టనిపించింది. పొద్దస్తమానం దుర్భిణితో వెతికినా దొరకని బట్టమేక, రాత్రివేళ లారీలో ఒక మనిషి గొంతులో దొరికింది.

"మీ పిల్లలకు వినిపించినావా?" అని అడిగాను.

"వాళ్ళు ఎప్పుడూ అడగల్యా, నేను చెప్పల్యా," అన్నాడు ఆయన.

నంద్యాలలో దింపినప్పుడు డబ్బివ్వబోతే ముగ్గురిలో ఎవరూ తీసుకోనట్టే ఆయనా తీసుకోలేదు. ఆళ్ళగడ్డ బస్సు దొరికి, ఇల్లు చేరేసరికి రాత్రి 11 దాటింది. మా ఇంటావిడ వేడినీళ్ళు పెట్టి, "పిట్ట కనబడిందా?" అని అడిగింది. "కనబడలేదు, వినబడింది," అన్నాను.

ఒక మాట. మీరు నాలాగా ముక్కూ మొహం తెలియని వాళ్ళ బండ్లు ఎక్కకండి. వెళ్ళదలిస్తే పెద్దవాళ్ళతో వెళ్ళండి. బస్సు వేళ ముందుగా తెలుసుకోండి. నాకు మంచివాళ్ళు తటస్థపడ్డారు, కాని నేను చేసినది తెలివైన పని కాదు.

ఆ రాత్రి నాకు ఒక సంగతి తెలిసివచ్చింది. ఒక పక్షి మొదట బీడులోనుంచి పోతుంది. తరవాత మనుషుల మాటలలోనుంచి పోతుంది. రెండవసారి కూడా పోయిన తరవాత, దాన్ని తిరిగి తేవాలని అనుకునేవాడే ఉండడు. జైసల్మేరులో పెరుగుతున్న పిల్లల సంతతి ఏనాటికైనా మన గడ్డినేలకు రావాలంటే, వాటికోసం కాస్త బీడు మిగలాలి. బట్టమేక అంటే ఏమిటో ఎరిగినవాళ్ళూ మిగలాలి.

అందుకని మీకు ఒక పని చెబుతాను. ఇవాళ సాయంత్రం మీ జేజినాయన దగ్గరో, అవ్వ దగ్గరో కూర్చుని, "మీ చిన్నప్పుడు ఉండి, ఇప్పుడు కనబడని పిట్ట ఏది? అది ఎట్లా కూసేది?" అని అడగండి. వాళ్ళు చెప్పింది ఒక పుస్తకంలో రాసుకోండి. కూత మీరూ నేర్చుకోండి.

మరుసటి ఆదివారం నేను మా వీధి పిల్లలను ఏడుగురిని, వాళ్ళ తల్లిదండ్రులలో ఇద్దరిని వెంటబెట్టుకుని, ఒక జీపు మాట్లాడుకుని మళ్ళీ రోళ్ళపాడు వెళ్ళాను. పొద్దు గుంకేవేళ పిల్లిగద్దలు వరసగా వచ్చి గడ్డిలో దిగుతుంటే పిల్లలు ఊపిరి బిగబట్టి చూశారు. తిరిగి వచ్చేటప్పుడు దారి పొడుగునా వాళ్ళు "హూం, హూం" అంటూనే ఉన్నారు.

బయలుదేరేముందు వాళ్ళూ నన్ను, "ఎప్పుడు తీసుకుపోతారు తాతా?" అని అడిగారు. ఈసారి నేను "రేపో ఎల్లుండో" అనలేదు.